ప్రవాసంలోని జర్నలిస్టులకు మానవ హక్కుల పాడ్‌కాస్ట్ మార్గదర్శి: మొదటి కాల్ నుంచి విడుదల తర్వాత మూడు నెలల దాకా

"మైకు ఏది కొంటే మంచిది?" దేశం విడిచి వచ్చి పాడ్‌కాస్ట్ మొదలుపెడదామనుకునే జర్నలిస్టులు ముందుగా అడిగేది ఎక్కువగా ఇదే. నేను ఆడియో ఎడిటింగ్ చేస్తాను కాబట్టి నన్ను ఆ మాట అడగడం సహజమే. కానీ ఈ మార్గదర్శిలో మైకు ఊసు ఐదో మెట్టు దగ్గర గానీ రాదు. మీరు సరిహద్దు దాటి వచ్చారు. మీతో మాట్లాడబోయే మనిషి ఇంకా అక్కడే ఉన్నారు. మీ ఎపిసోడ్‌లో పొరపాటు దొర్లితే అర్ధరాత్రి తలుపు తట్టేది వాళ్ల ఇంటికే.

కింది వరుస మొత్తం ఆ మనిషిని దృష్టిలో పెట్టుకుని పేర్చింది. దయచేసి మెట్లు దాటేయకండి. ముఖ్యంగా నాలుగు, ఆరు దగ్గర తొందరపడకండి.

## 1. ముందు ఒక కాగితం తీసుకోండి: ఎవరికి ఏ ప్రమాదం?

ఇది కాగితం మీదే రాయండి. పని అయ్యాక ముక్కలు చేసేయండి.

అయిదు గడులు గీయండి. మీరు, స్వదేశంలో ఉన్న మీ కుటుంబం, మాట్లాడే సాక్షి, మధ్యలో సాయం చేసేవాళ్లు, చివరగా మీ శ్రోతలు. ఒక్కొక్కరి ఎదురుగా మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. వీళ్ల వివరాలు ఎవరికి కావాలి? ఎలా సంపాదించగలరు? తెలిస్తే ఏం చేస్తారు?

"మేం బయటపడ్డాం కదా" అని చాలామంది మొదటి గడి ఖాళీగా వదిలేస్తారు. లాత్వియా నుంచి నడిచే రష్యన్ వార్తా సంస్థ మెదూజా అధిపతి గలీనా తిమ్చెంకో ఫోన్‌లోకి 2023 ఫిబ్రవరిలో పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ చొరబడింది. అప్పుడు ఆమె ఉన్నది జర్మనీలో. 2024 మార్చిలో ఇరాన్ ఇంటర్నేషనల్ టీవీ వ్యాఖ్యాత పౌరియా జెరాతీని లండన్‌లో ఆయన ఇంటి బయటే కత్తితో పొడిచారు. సరిహద్దు దాటితే ప్రమాదం రూపం మారుతుంది, అంతే.

చివరి గడి, అంటే శ్రోతలది, దాదాపు ఎవరూ నింపరు. బెలారస్‌లో 'తీవ్రవాద' ముద్ర వేసిన ఛానళ్లకు సబ్‌స్క్రయిబ్ అయినందుకే మనుషుల్ని అరెస్టు చేశారు. మీ ఎపిసోడ్ ఫోన్‌లో ఉండటమే నేరమయ్యే చోట మీ శ్రోత ఎలా వింటారు, విన్నాక ఎలా తుడిచేస్తారు అన్నది కూడా మీరు ఆలోచించాల్సిన పనే.

కుటుంబం సంగతి ఫోన్‌లో తేల్చే విషయం కాదు, కానీ తేల్చకుండా మొదటి ఎపిసోడ్ వదలకూడదు. మీ అసలు పేరుతో వస్తారా, మారుపేరుతోనా? మీ గొంతు వినిపిస్తుందా? ఈ రెండూ ఇంట్లోవాళ్లకు ముందే తెలియాలి. వాళ్లు వద్దంటే ఆ మాటకు విలువ ఇవ్వండి. మీరు తెర వెనక ఉండి, ఇంకొకరు వ్యాఖ్యానం చెప్పే పద్ధతి ఉండనే ఉంది.

ఇక మీ కాగితాలు. ఆశ్రయం దరఖాస్తు నడుస్తుండగా సంపాదించే హక్కు ఉందా లేదా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. విరాళం తీసుకోవడం కూడా సంపాదన కిందికి రావచ్చు. లాయరును అడగకుండా డబ్బు ముట్టుకోకండి. శరణార్థి హోదా వచ్చినవాళ్లు స్వదేశపు ఎంబసీకి వెళ్లి పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకుంటే, మళ్లీ ఆ దేశం రక్షణ కోరినట్టు లెక్కవేసి హోదాకే ఎసరు రావచ్చు. 1951 శరణార్థుల ఒప్పందం 28వ అధికరణం కింద మీరు ఉంటున్న దేశమే ప్రయాణ పత్రం ఇవ్వాలి. దానికి దరఖాస్తు పెట్టుకోండి.

☐ అయిదు గడులూ నింపాను
☐ పేరు, గొంతు విషయం ఇంట్లో మాట్లాడాను
☐ సంపాదన, ప్రయాణాల గురించి లాయరును అడిగాను
☐ నాకేదైనా అయితే ఎవరికి కబురు వెళ్లాలో ఇద్దరికి చెప్పి ఉంచాను

## 2. ఫోన్లు, అకౌంట్లు వేరు చేయండి

పాత ఫోన్‌లో మీ పాత జీవితం మొత్తం ఉంటుంది. బంధువుల నంబర్లు, పాత సోర్సులు, ఎప్పుడో దిగిన గ్రూప్ ఫొటోలు. పాడ్‌కాస్ట్ పనికి ఇంకో ఫోన్, ఇంకో ఈమెయిల్ పెట్టుకోండి. రెండింటినీ ఎక్కడా కలపకండి.

ఐఫోన్ అయితే లాక్‌డౌన్ మోడ్ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్ 16 గానీ ఆ తర్వాతి వెర్షన్ గానీ ఉంటే అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్ ఆన్ చేయండి. అప్‌డేట్ వచ్చిన రోజే వేసుకోండి. ఈమెయిల్‌కి, ఎపిసోడ్‌లు ఉంచే హోస్టింగ్ అకౌంట్‌కి సెక్యూరిటీ కీ (లాగిన్‌కి తాళంచెవిలా వాడే చిన్న పరికరం) పెట్టండి. ఎస్సెమ్మెస్‌లో వచ్చే కోడ్ మీద ఆధారపడితే, సిమ్ కాజేసినవాడికి అకౌంట్ దొరికిపోతుంది. కీలు రెండు కొని, రెండోది వేరే చోట దాచండి.

కాల్స్, మెసేజ్‌లు బయటివాళ్లు చదవలేకుండా పంపే సిగ్నల్ యాప్‌లో నాలుగు సెట్టింగ్‌లు ఇవాళే మార్చండి. ఫోన్ నంబరు ఎవరికీ కనిపించకుండా పెట్టి యూజర్‌నేమ్ వాడండి. మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యేలా గడువు పెట్టండి. కాల్స్ ఎప్పుడూ సిగ్నల్ సర్వర్ మీదుగానే వెళ్లేలా 'రిలే' ఆప్షన్ ఆన్ చేస్తే మీ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్ నంబరు) అవతలివాళ్లకు తెలియదు. ఐఫోన్ అయితే సిగ్నల్ కాల్స్ మామూలు కాల్ జాబితాలో కనిపించకుండా ఆపండి. ఈ చివరిది సాక్షి ఫోన్‌లోనూ మార్పించాలి.

అయితే కొన్ని చోట్ల ఫోన్‌లో సిగ్నల్ కనబడటమే అనుమానానికి దారి తీస్తుంది. అక్కడ ఏ యాప్ మామూలుగా అందరూ వాడతారో సాక్షినే అడగండి. ఆ ప్రాంతంలో ఏది సురక్షితమో మీకంటే వాళ్లకే బాగా తెలుసు.

ఫోన్ మీద అనుమానం వస్తే మీరే రిపేరు చేయబోకండి. రీసెట్ కొడితే ఆధారాలు పోతాయి. యాక్సెస్ నౌ సంస్థ డిజిటల్ సెక్యూరిటీ హెల్ప్‌లైన్ జర్నలిస్టులకు, హక్కుల కార్యకర్తలకు రోజంతా ఉచితంగా సాయం చేస్తుంది. ముందు వాళ్లకు రాయండి.

## 3. ఎవరి కోసం చేస్తున్నారో ఒక్క వాక్యంలో రాయండి

స్వదేశంలో ఉన్నవాళ్ల కోసమా, మీలాగే బయటికొచ్చినవాళ్ల కోసమా, బయటి ప్రపంచం కోసమా? మూడింటికీ ఒకే ఎపిసోడ్ సరిపోదు. స్వదేశంలోవాళ్లకు జైలు ఎక్కడుందో చెప్పక్కర్లేదు. బయటివాళ్లకు అది చెప్పకపోతే ఏమీ అర్థం కాదు. ఒకరిని ఎంచుకోండి.

మొదటి సీజన్‌కి ఒకే విషయం తీసుకుని ఆరు ఎపిసోడ్‌లు చేయండి. ఒక్కోటి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు చాలు. మూడు ఎపిసోడ్‌లు పూర్తిగా సిద్ధమయ్యాకే మొదటిది వదలండి. వారం వారం తరుముకొచ్చే గడువే సాక్షి భద్రతలో రాజీ పడేలా చేస్తుంది.

## 4. సాక్షి అంగీకారం: మూడుసార్లు అడగాలి

పాడ్‌కాస్ట్ బలమంతా ఈ మెట్టు మీదే ఉంది. "రికార్డ్ చేయొచ్చా?" "చేయండి." ఇది అంగీకారం అనిపించుకోదు. బాధలో ఉన్న మనిషి, తన మాట వినడానికి ఒకరు దొరికారన్న ఊరటలో దేనికైనా సరే అంటారు.

మొదటిసారి, రికార్డింగ్‌కి కనీసం ఒక రోజు ముందు. ఈ కాల్‌లో ఏమీ రికార్డ్ చేయకండి. మీరెవరో, ఎపిసోడ్ ఎక్కడ వినిపిస్తుందో, డబ్బు ఎవరిస్తున్నారో చెప్పండి. వాళ్ల కేసుకి దీనివల్ల మేలు జరుగుతుందని ఆశ పెట్టకండి. జరగకపోవచ్చు.

తర్వాత ఈ ప్రశ్న అడగండి: "ఈ ఎపిసోడ్ మిమ్మల్ని పట్టుకెళ్లినవాళ్లే విన్నారనుకోండి. గొంతు గుర్తుపట్టారనుకోండి. మర్నాడు ఏం జరగొచ్చు?"

అడిగి ఊరుకోండి. ఆ నిశ్శబ్దాన్ని మీరు నింపకండి. కొందరు వెంటనే "నాకేం భయం లేదు" అంటారు. అప్పుడు రెండో ప్రశ్న: "మీతో పాటు ఆ ఇంట్లో ఇంకెవరుంటారు?" ఈ ప్రశ్న దగ్గర ఆగి ఆలోచించినవాళ్లను నేను చాలా రికార్డింగుల్లో విన్నాను. తనకు భయం లేదన్న తల్లి, పిల్లల మాట రాగానే "గొంతు మాత్రం వద్దు" అంటుంది. ఆ మాట బయటికి రావడం కోసమే ఈ కాల్.

రెండోసారి, రికార్డింగ్ అయిన వెంటనే. మాట్లాడుతూ మాట్లాడుతూ అనుకోనివి కూడా చెప్పేస్తారు. "ఇందులో ఏదైనా తీసేయాలా?" అని అడిగి రాసుకోండి.

మూడోసారి, విడుదలకు ముందు. తుది ఎపిసోడ్‌లో వాళ్ల భాగం వినిపించండి, లేదా చదివి వినిపించండి. ఈలోపు అక్కడి పరిస్థితి మారి ఉండొచ్చు, తమ్ముణ్ణి పట్టుకెళ్లి ఉండొచ్చు. వద్దంటే వద్దు, కారణం అడగొద్దు. "జర్నలిజంలో సోర్స్‌కి కాపీ చూపించకూడదు" అనే న్యూస్‌రూమ్ నియమం అధికారంలో ఉన్నవాళ్ల కోసం పుట్టింది. ప్రాణానికి తెగించి మాట్లాడిన మనిషికి దాన్ని వర్తింపజేయడం అన్యాయమని నా అభిప్రాయం.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. విడుదలయ్యాక ఎపిసోడ్ తీసేసినా, డౌన్‌లోడ్ అయిన కాపీలు వెనక్కి రావు. ఫలానా తేదీ వరకు మానుకోవచ్చు, ఆ తర్వాత మా చేతుల్లో లేదు అని స్పష్టంగా చెప్పండి.

లైంగిక హింసకు గురైనవాళ్లతో మాట్లాడేటట్టయితే ముందు మురాద్ కోడ్ చదవండి. 2022లో వచ్చిన ఆ నియమావళి అడిగే మొదటి ప్రశ్న, అసలు ఈ ఇంటర్వ్యూ అవసరమా అని. వాళ్ల వాంగ్మూలం ఇప్పటికే ఎక్కడో నమోదై ఉంటే మళ్లీ చెప్పించకండి. ఒక్కోసారి ఒక్కో తీరుగా చెప్పిన కథనాలను రేపు కోర్టులో వాళ్ల మీదకే తిప్పుతారు.

అంగీకారాన్ని సంతకంతో కాగితం మీద తీసుకోకండి. అది దొరికితే సాక్ష్యం అవుతుంది. పేరు చెప్పకుండా మాటల్లో రికార్డ్ చేసి, ఆ ఫైల్‌ని ఇంటర్వ్యూకి దూరంగా దాచండి.

☐ ప్రమాదం గురించి వాళ్ల నోటితోనే విన్నాను
☐ పేరు, గొంతు, ఊరు, తేదీలు: ఏది ఉంచాలో ఒక్కొక్కటిగా అడిగాను
☐ మానుకునే గడువు చెప్పాను
☐ కాల్ మధ్యలో ఎవరైనా వస్తే వాడే మామూలు మాట ఒకటి అనుకున్నాం ("రాంగ్ నంబరండీ" లాంటిది)

## 5. రికార్డింగ్

మీ వైపు. ఖరీదైన స్టూడియో అక్కర్లేదు. డైనమిక్ మైకు ఒకటి, చిన్న రికార్డర్ ఒకటి, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ చాలు. మంచాలు, పరుపులు, బట్టల అలమర ఉన్న గది ఎంచుకోండి. ఖాళీ గోడలు గొంతును డొల్లగా చేస్తాయి. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. రికార్డర్ సెట్టింగ్: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో. ఈ లెక్కన గంటకు సుమారు 520 ఎంబీ అవుతుంది. మొదలుపెట్టే ముందు అరనిమిషం ఏమీ మాట్లాడకుండా గది శబ్దం రికార్డ్ చేయండి, ఎడిటింగ్‌లో అతుకులు వేయడానికి పనికొస్తుంది.

సాక్షి వైపు. మామూలు పాడ్‌కాస్టుల్లో ఇద్దరూ ఎవరి ఫోన్‌లో వాళ్లు రికార్డ్ చేసి, తర్వాత రెండు ఫైళ్లూ కలుపుతారు. శబ్దం బాగుంటుంది. ప్రమాదంలో ఉన్న సాక్షిని మాత్రం ఈ పని అడగకండి. దారిలో తనిఖీ జరిగితే ఆ ఫైల్ వాళ్ల ఫోన్‌లోనే దొరుకుతుంది. కాల్‌ని మీ వైపే రికార్డ్ చేయండి. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి రికార్డర్‌కి కేబుల్ కలిపితే చాలు. శబ్దం కాస్త నాసిగా ఉంటుంది. శ్రోతలు సర్దుకుంటారు.

ఎప్పుడు, ఎక్కడ అన్నది వాళ్లే చెప్పాలి. మీకు తెల్లవారుజామున మూడైనా సరే.

అడిగే తీరు. "ఎందుకు" అనే మాట మానేయండి. "ఎందుకు పారిపోలేదు?" అన్న ప్రశ్నలో నింద వినబడుతుంది. "ఆ తర్వాత ఏమైంది?" "అప్పుడు మీకు ఏం వినిపించింది?" అని అడగండి. జరిగినవి వరుస తప్పి గుర్తుకురావడం తీవ్ర హింస చూసినవాళ్లలో మామూలే. మధ్యలో ఆపి తేదీలు సరిచేయించకండి. చివర్లో విడిగా అడగొచ్చు.

ఇంటర్వ్యూని హింస జరిగిన రోజు దగ్గర ముగించకండి. "ఇవాళ మిగతా రోజంతా ఏం చేస్తారు? పక్కన ఎవరైనా ఉన్నారా?" అని అడిగి, ఈ రోజులోకి తీసుకొచ్చి ఫోన్ పెట్టండి.

## 6. గొంతు దాచడం: చాలామంది తప్పు చేసే చోటు

ఒకసారి నా చేతికి వచ్చిన ఫైల్‌లో సాక్షి గొంతు స్థాయిని నాలుగు సెమీటోన్లు (సంగీతంలో స్వరాల మధ్య అతి చిన్న మెట్లు) కిందికి దించారు. వింటుంటే ఎవరో పెద్దాయన మాట్లాడుతున్నట్టుంది. విడుదలకు సిద్ధం అన్నారు. నేను ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో అదే ఫైల్‌ని నాలుగు సెమీటోన్లు పైకి ఎత్తాను. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. హెడ్‌ఫోన్స్‌లో ఒక యువతి గొంతు స్పష్టంగా వినబడింది, ప్రతి వాక్యం చివర వదిలే చిన్న నిట్టూర్పుతో సహా. ఆమె ఇంట్లోవాళ్లయితే ఆ నిట్టూర్పుతోనే గుర్తుపడతారు. చేతులు చల్లబడ్డాయి నాకు. ఆ వారం ఎపిసోడ్ ఆపేశాం.

స్థాయి దించడం, ఎకో కలపడం, రోబో గొంతు చేయడం, వీటిలో దేన్నీ నమ్ముకోవద్దు. ప్రాణానికి ముప్పు ఉంటే గట్టి దారి ఒక్కటే: మాటలు వాళ్లవి, గొంతు ఇంకొకరిది.

పద్ధతి ఇదీ:

1. ఇంటర్వ్యూని అక్షర రూపంలోకి మార్చండి. ఇందుకు ఆన్‌లైన్ సర్వీసులకు ఆడియో అప్‌లోడ్ చేయకండి, ముడి గొంతు పరాయి సర్వర్‌లోకి వెళ్లినట్టే. విస్పర్ లాంటి సాఫ్ట్‌వేర్‌ని ఇంటర్నెట్ తీసేసి మీ కంప్యూటర్‌లోనే నడపొచ్చు. మీ భాషలో అది తడబడితే చేత్తో రాయండి.

2. గుర్తుపట్టించే వివరాలకు రంగు వేయండి. ఒక్కో వివరం విడిగా అమాయకంగానే ఉంటుంది. 'టీచరు' అంటే వేలమంది. 'ముగ్గురు ఆడపిల్లలున్న టీచరు' అంటే వందమంది. 'ఫలానా వారం జైలు నుంచి వచ్చిన, ముగ్గురు ఆడపిల్లలున్న టీచరు' అంటే ఒక్కరే.

3. వివరాలు తీసేయండి, అబద్ధపువి పెట్టకండి. ఊరి పేరు మార్చి ఇంకో ఊరు చెబితే అది కల్పన అవుతుంది. 'ఒక జిల్లా కేంద్రంలో' అంటే చాలు.

4. ఊతపదాలు, యాస పదాలు, అలవాటుగా వాడే సామెతలు తీసేయండి. రాతలో కూడా మనిషి దొరికిపోతాడు.

5. వేరే ప్రాంతం యాస ఉన్న వ్యక్తితో చదివించండి. ఏడుపు నటించవద్దని చెప్పండి. మామూలుగా, నిదానంగా చదివితేనే మాటల బరువు తెలుస్తుంది.

6. ఎపిసోడ్ మొదట్లోనే చెప్పండి: "మాటలు ఆమెవి. భద్రత కోసం గొంతు వేరొకరిది. గుర్తుపట్టే వివరాలు తీసేశాం."

కొందరు సాక్షులు సొంత గొంతే ఉంచమంటారు. అది వాళ్ల హక్కు. అప్పుడు వెనక శబ్దాలు మొదటి నుంచి చివరిదాకా హెడ్‌ఫోన్స్‌తో వినండి. రైల్వే అనౌన్స్‌మెంట్, బడి గంట, పక్క గదిలో ఎవరో పేరు పెట్టి పిలవడం, ఇలాంటివి చోటు చెప్పేస్తాయి. కరెంటు మోత కూడా చెబుతుంది. కరెంటు సరఫరా 50 లేదా 60 హెర్ట్జ్ చుట్టూ క్షణక్షణం కొద్దిగా మారుతూ ఉంటుంది, ఆ మార్పు గ్రిడ్ అంతటా ఒకేలా ఉంటుంది. రికార్డింగ్‌లో సన్నగా పడిన ఆ మోతను గ్రిడ్ రికార్డులతో పోల్చి ఏ గ్రిడ్‌లో, ఏ వేళ రికార్డ్ అయిందో ఫోరెన్సిక్ నిపుణులు చెప్పగలరు. ఇంకొకరితో చదివించిన ఎపిసోడ్‌లో ఈ బెడద ఉండదు.

☐ గొంతు వెనక్కి తెచ్చే ప్రయత్నం మేమే చేసి చూశాం
☐ మూడు వివరాలు కలిపితే ఎవరో తెలిసిపోతుందా అని చూశాం
☐ ఆ ప్రాంతం తెలిసిన మా టీమ్ మనిషి ఒకరు విని, గుర్తుపట్టలేమన్నారు

## 7. నిజమో కాదో తేల్చుకోవడం

జాలి కలిగితే తనిఖీ సడలుతుంది. ఆ సంగతి తెలిసినవాళ్లే దొంగ సాక్షుల్ని పంపుతారు. ఒక్క కట్టుకథ మీ పాడ్‌కాస్ట్‌లో వస్తే, మిగతా అయిదుగురి నిజాన్నీ దాంతోనే కొట్టిపారేస్తారు. అందుకే తనిఖీని సాక్షి మీద అనుమానంగా కాకుండా సాక్షికి రక్షణగా చూడండి. వాళ్లతో కూడా అలాగే చెప్పండి.

ప్రతి ప్రధాన ఆరోపణకు ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు కావాలి. ఇద్దరూ ఒకే వాట్సాప్ గ్రూపులో చదివి చెబుతుంటే అది ఒక్కరి కిందే లెక్క. వైద్య పత్రాలు, కోర్టు కాగితాలు, ఉపగ్రహ చిత్రాలు ఎక్కడ సాధ్యమైతే అక్కడ చూడండి. వీడియోలు, సోషల్ మీడియా ఆధారాలను సేకరించే పద్ధతికి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం, బర్కిలీ విశ్వవిద్యాలయం కలిసి 2020లో తెచ్చిన బర్కిలీ ప్రోటోకాల్ ఉంది. చిత్రహింసల కేసుల్లో ఏ గాయం గురించి ఏం అడగాలో ఇస్తాంబుల్ ప్రోటోకాల్‌లో ఉంటుంది.

ముడి ఫైల్‌ని ఎప్పుడూ ముట్టుకోకండి. రికార్డ్ అయిన రోజే ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి సంఖ్య, ఫైల్ కాస్త మారినా ఇది మారిపోతుంది) తీసి రాసిపెట్టుకోండి. ఎడిటింగ్ అంతా కాపీ మీదే. కొన్నేళ్లకు ఏ విచారణ సంస్థో అడిగితే, ఇది మారలేదని ఆ హ్యాష్‌తో చూపించవచ్చు. ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కులో పెట్టండి, ఫైల్ పేరులో మనిషి పేరు రానీయకండి, బదులుగా ఒక కోడ్ పెట్టండి. ఏ కోడ్ ఎవరిదో తెలిపే జాబితా ఆ డిస్కులో ఉండకూడదు.

అవతలి పక్షం జవాబు కూడా తీసుకోవాలి. కానీ "ఫలానా తేదీన ఫలానా గదిలో జరిగింది నిజమా?" అని అధికారిని అడిగితే, అడిగిన ప్రశ్నే సాక్షిని పట్టిస్తుంది. "ఆ కేంద్రంలో ఖైదీలను కొడుతున్నారన్న ఆరోపణలపై మీ స్పందన?" అని విస్తృతంగా అడగండి. అడగడం వల్లే ముప్పు ఉంటే సాక్షి చోటు మారేదాకా ఆగండి. మీరు ప్రవాసంలో ఉన్నా, ఉంటున్న దేశపు పరువునష్టం చట్టం మీకు వర్తిస్తుందని మరవకండి. పేరుపెట్టి ఆరోపించే ఎపిసోడ్‌ని లాయరుకు వినిపించాకే వదలండి.

## 8. ఎడిటింగ్

ఇక్కడ చెప్పేది తక్కువే. ఊపిరి, తడబాటు అన్నీ కోసేయకండి. మాట కోసం వెతుక్కునే ఆ రెండు సెకన్లే వినేవాళ్లను కూర్చోబెడతాయి. గొంతు వేరొకరిదైతే ఆ విరామాలు చదివేవాళ్లకు గుర్తు పెట్టి ఇవ్వండి. విషాద సంగీతం వేయకండి. హింస వివరాలు వచ్చే ముందు ఒక వాక్యం హెచ్చరిక, ఎన్ని నిమిషాలు దాటవేయాలో చెప్పండి. చివరి శబ్ద స్థాయి మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినబడుతుందో కొలిచే ప్రమాణం), శిఖరం మైనస్ 1 డెసిబెల్ దాటకూడదు. ఈ ఒక్క లెక్క పాటిస్తే మీ షో ఒకచోట అరిచినట్టు, ఒకచోట గొణిగినట్టు ఉండదు.

## 9. విడుదల: ఫీడ్ నుంచి శ్రోత ఫోన్ దాకా

పాడ్‌కాస్ట్ ఫీడ్‌లో, అంటే యాప్‌లకు మీ ఎపిసోడ్‌ల జాబితా అందించే ఫైల్‌లో, యజమాని పేరు, ఈమెయిల్ ఉండే చోటు ఒకటుంటుంది. ఆ ఫీడ్‌ని ఎవరైనా తెరిచి చదవొచ్చు. తొందరలో సొంత ఈమెయిల్ పెట్టేసి, నెలల తర్వాత చూసుకున్నవాళ్లున్నారు. డొమైన్ రిజిస్ట్రేషన్‌లో కూడా ఇంటి అడ్రస్ బయటపడకుండా ప్రైవసీ ఆప్షన్ పెట్టండి.

ఒకే యాప్ మీద ఆధారపడకండి. 2020లో చైనా అధికారుల ఆదేశంతో పాకెట్ కాస్ట్స్ యాప్‌ని ఆపిల్ అక్కడి స్టోర్ నుంచి తొలగించింది. యాప్ పోతే శ్రోతలూ పోతారు. ఫీడ్, టెలిగ్రామ్ ఛానల్, యూట్యూబ్, సాదా డౌన్‌లోడ్ లింక్ అన్నీ ఉండాలి. సైట్‌ని బ్లాక్ చేస్తే వాడటానికి ఇంకో చిరునామా ముందే సిద్ధంగా పెట్టుకోండి. ఇంటర్నెట్టే అందని ప్రాంతాలకు నెదర్లాండ్స్ నుంచి సుడాన్‌కి ప్రసారం చేసే రేడియో దబంగా షార్ట్‌వేవ్ వాడింది. అలాంటి స్టేషన్లకు మీ ఎపిసోడ్ ఇవ్వొచ్చేమో అడగండి.

ఫైల్ బరువు తగ్గించండి. అరగంట ఎపిసోడ్ 128 కేబీపీఎస్‌లో దాదాపు 29 ఎంబీ. 64 మోనోలో 14 ఎంబీ పైచిలుకు. ఓపస్ ఫార్మాట్‌లో 24 కేబీపీఎస్ అయితే అయిదున్నర ఎంబీ లోపే, మాట స్పష్టంగానే ఉంటుంది. నెమ్మది నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్ల కోసం ఈ చిన్న ఫైల్ విడిగా పెట్టండి. ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్లేదీ ఇదే.

ఆ చిన్న ఫైల్‌కి పేరు, బొమ్మ మామూలుగా ఉంచండి. ఫోన్ తనిఖీ చేసే పోలీసుకి స్క్రీన్ మీద 'చిత్రహింసల గదులు, భాగం 3' అని కనబడకూడదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైల్‌లోకి ఎక్కించే మీ పేరు, కంప్యూటర్ పేరు లాంటి సమాచారాన్ని ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూసి, ఆడియో ట్యాగ్ ఎడిటర్‌తో తుడిచేయండి.

☐ ఫీడ్‌ని బ్రౌజర్‌లో తెరిచి ప్రతి పంక్తీ చదివాను
☐ చిన్న ఫైల్, మామూలు పేరు
☐ రెండో చిరునామా పనిచేస్తోంది
☐ మూడో అంగీకారం అందింది

## 10. డబ్బు

స్వదేశం నుంచి విరాళాలు తీసుకునే ముందు అక్కడి చట్టం చూడండి. 2023 జనవరిలో రష్యా మెదూజాను 'అవాంఛనీయ సంస్థ'గా ప్రకటించింది. అలాంటి సంస్థకు డబ్బు పంపడం అక్కడ నేరం. అభిమానంతో చిన్న మొత్తం పంపిన శ్రోత మీ వల్ల కేసులో ఇరుక్కోకూడదు. అనుమానం ఉంటే ఆ దేశపు కార్డులు తీసుకోవద్దు.

ప్రవాస మీడియాకు సాయం చేసే సంస్థలున్నాయి. బెర్లిన్‌లో 2022లో మొదలైన జేఎక్స్ ఫండ్ అలాంటిది. అత్యవసర పరిస్థితుల్లో జర్నలిస్టుల రక్షణ కమిటీ (సీపీజే), రిపోర్టర్స్ వితౌట్ బార్డర్స్ వ్యక్తులకూ చేయూతనిస్తాయి. ఒప్పందంలో ఒక వాక్యం తప్పక ఉండేలా చూసుకోండి: సోర్సుల పేర్లు, ముడి ఆడియో దాతకు చూపించే బాధ్యత మాకు లేదు. నివేదికల కోసం అమాయకంగానే అడుగుతుంటారు.

## 11. తరచూ వచ్చే ఇబ్బందులు, సవరణలు

సాక్షి ఉన్నట్టుండి జవాబివ్వడం మానేశారు. పదేపదే ఫోన్ చేయకండి, ఆ ఫోన్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో తెలియదు. ముందే అనుకున్న మధ్యవర్తి ద్వారా కనుక్కోండి. ఎపిసోడ్ ఆపండి.

విడుదలయ్యాక గుర్తుపట్టే వివరం కనబడింది. అన్ని చోట్లా ఫైల్ తీసేయండి, సాక్షికి చెప్పండి, చోటు మారడానికి సాయం వెతకండి. సవరణ ప్రకటనలో ఆ వివరం ఏమిటో మాత్రం రాయకండి, వెతకనివాళ్లకు కూడా చూపించినట్టవుతుంది.

ఇంకో మీడియా మీ సాక్షి నంబరు అడిగింది. ఇవ్వకండి. వాళ్ల సందేశం సాక్షికి చేర్చి, మాట్లాడాలో వద్దో ఆమెనే తేల్చుకోనివ్వండి.

ఎడిటింగ్ చేస్తున్నవాళ్లకు నిద్ర పట్టడం లేదు. ఒకే వాంగ్మూలాన్ని నలభైసార్లు వింటే మామూలుగా ఉండలేరు. కష్టమైన భాగాల్ని ముందు అక్షరాల్లో సరిచేసి, ఆడియో తక్కువసార్లు వినండి. రాత్రి పడుకునే ముందు ఆ పని పెట్టుకోకండి. జర్నలిస్టుల మానసిక గాయాల మీద పనిచేసిన డార్ట్ సెంటర్ ఈ విషయం మీద వాళ్ల కోసమే సలహాలు ప్రచురించింది.

## 12. విడుదల తర్వాత

సాక్షితో మాట్లాడటానికి మూడు తేదీలు ముందే అనుకోండి: రెండు రోజులకు, రెండు వారాలకు, మూడు నెలలకు. కేసులు పెట్టడం, పిలిపించడం లాంటివి తరచూ వెంటనే జరగవు. గొడవ సద్దుమణిగిందనుకున్నాక జరుగుతాయి. అందుకే మూడో తేదీ వదిలేయకూడదు.

రెండో కాల్‌లో శ్రోతల స్పందన చెప్పండి. ఎక్కడి నుంచో ఎవరో "మా అన్నకూ ఇలాగే జరిగింది" అని రాస్తే, పేరు తీసేసి ఆ మాట చదివి వినిపించండి. తన మాట ఎవరికి చేరిందో తెలుసుకునే హక్కు ఆమెకుంది.

మూడో కాల్ తర్వాత ఫైళ్ల సంగతి చూడండి. విచారణ సంస్థలకు పనికొచ్చే ముడి ఆడియో, ఆమె ఒప్పుకుంటే ఎన్‌క్రిప్ట్ చేసి రెండు చోట్ల దాచండి. మిగతా కాపీలు, ఎడిటింగ్ ప్రాజెక్ట్ ఫైళ్లు, అక్షర ప్రతులు తుడిచేసి, కోడ్ జాబితాలో ఆమె వరుస ఎదురుగా ఆ తేదీ రాసుకోండి.